డాక్టరమ్మ మాట, తాతయ్య గొంతు

మా తాతయ్యను ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. కంచు అనేవారు. సాటివాళ్ళకు కంచన్న, చిన్నవాళ్ళకు కంచు మామ. పడవల రేవులో కేకలు వేయడం ఆయన పని. ఏ పడవ ఎటు వెళుతుందో, ఎప్పుడు బయలుదేరుతుందో, ఇంకా ఎంతమందికి చోటుందో మెట్ల మీద నిలబడి అరిచి చెప్పాలి. వంతెన లేని రోజులు. ఏటికి అవతల పొలాలు, ఇవతల బజారు, దిగువన ఇటుక బట్టీలు, జనపనార మిల్లు. తెల్లారితే సగం ఊరు నీళ్ళ మీదే ఉండేది. మంచు దట్టంగా పట్టిన ఉదయాల్లో ఏటి మధ్యకు వచ్చిన పడవలకు ఒడ్డు కనిపించేది కాదు. అప్పుడు తాతయ్య ఆపకుండా కేక వేస్తూ ఉంటే పడవవాళ్ళు ఆ కేక వైపు తిప్పుకొని వచ్చేవారట. "కంచు ఉంటే కళ్ళతో పనేముంది" అనేవారట.

అమ్మమ్మ గోనెసంచులు కుట్టే షెడ్డులో పనిచేసేది. షెడ్డు రేవు వెనకే. పెళ్ళికి ముందు మనిషిని చూడలేదు, గొంతు మాత్రం రోజూ వినేది. "ఎవడో గాని పొద్దస్తమానం పోట్లాడుతూనే ఉంటాడు, వీణ్ణి కట్టుకునేదాని గతి ఏమిటో అని జాలిపడేదాన్ని. తీరా చూస్తే ఆ గతి నాదే అయింది" అని నవ్వేది. తీరా ఇంటికి వచ్చాక తెలిసింది, ఆయన నోట్లో నాలుక లేనట్టే ఉంటాడని. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే తల ఊపుతాడు. సరిపోలేదా అంటే అప్పుడూ ఊపుతాడు. "ఊరికి మోత, ఇంటికి మౌనం" అని అమ్మమ్మ ఆయన మీద ఒక సామెతే కట్టింది.

తాళ్ళు అమ్మే దుకాణం పైన ఒకటే గది వాళ్ళది. కిటికీ తెరిస్తే ఏరు. గది నిండా కొబ్బరితాళ్ళ వాసన, అమ్మమ్మ ఇంటికి తెచ్చుకుని కుట్టే సంచుల నూగు. మా అమ్మ ఆ గదిలోనే పుట్టింది. పురుడు పోసింది డాక్టరమ్మ.

డాక్టరమ్మ గురించి చెప్పాలి. బజారు వెనక సందులో ఆమె ఆసుపత్రి. ఒక బల్ల, ఒక తెర, అద్దాల బీరువాలో నీలం సీసాలు. బయటి ప్రపంచానికి ఆమె వేరే మనిషి. పరాయి దొరల పాలన పోవాలన్న పోరాటంలో ముందు వరసలో నడిచింది. రెండుసార్లు జైలుకు వెళ్ళొచ్చింది. ఆమె ఫోటో పత్రికల్లో పడేది, ఎక్కడెక్కడి నాయకులో ఆమె ఇంటికి వచ్చి కింద చాప మీద కూర్చుని సలహా అడిగేవారు. మొదటిసారి జైల్లో ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు జబ్బు చేసి గొంతు పీలగా అయిపోయింది. నాలుగు మాటలంటే ఒక దగ్గు. ఎదురుగా కూర్చున్న రోగికి ఆ గొంతు చాలు. ఏటి ఒడ్డున నిండిన జనానికి ఎలా చాలుతుంది?

ఆ ఏడు సర్కారువాళ్ళు రేవు పన్ను పెంచారు. ఏరు దాటే తలకింత, తల మీది బుట్టకింత. "ఇక తలలో పేలకు కూడా వేస్తారు కాబోలు, ముందే దువ్వుకుని రండర్రా" అని కూరలమ్మే ముసలమ్మ ఒకామె పడవలో అందరినీ నవ్వించేదట. నవ్వినా కట్టక తప్పేది కాదు. దాని మీద మాట్లాడడానికి డాక్టరమ్మ రేవు పక్క ఇసుకలో సభ పెట్టింది.

బోర్లించిన పడవ ఆమెకు వేదిక. ముందు వరసల వాళ్ళు వింటున్నారు. వెనకవాళ్ళు "ఏమంటోంది? ఏమంటోంది?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. కాసేపటికి అడగడం కూడా మానేసి పిల్లల్ని చంకనేసుకుని లేస్తున్నారు. తాతయ్య సభకు రాలేదు. పడవలు ఆగిపోయాయి గనుక పని లేక మెట్ల మీద నిలబడ్డాడు. పక్కనే చెవులు సరిగా వినపడని ముసలి పడవవాడు ఉన్నాడు.

"ఏమందిరా ఆవిడ?" అన్నాడు ముసలాయన.

"ఏరు ఎవడి తాత సొత్తు కాదంది" అన్నాడు తాతయ్య, ముందు వరసవాళ్ళు చెప్పుకుంటున్న మాట పట్టుకుని.

"ఆఁ?"

తాతయ్య రేవు గొంతు తీశాడు. "ఏరు ఎవడి తాత సొత్తూ కాదు!"

ఒడ్డు ఒడ్డంతా తిరిగి చూసింది. లేచిపోతున్నవాళ్ళు ఆగిపోయారు. తాతయ్య నాలుక కరుచుకుని మెట్లు దిగిపోబోయాడు. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆమె ఏదో అంది, అది ముందు వరస నుంచి నోటినోటా ఆయన దాకా వచ్చింది: "ఆ గొంతు ఎవరిదో, పారిపోవద్దని చెప్పండి. ఇలా రమ్మనండి."

తాతయ్య వెళ్ళి పడవ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె వంగి, "తమ్ముడూ, నేనొక మాట చెబుతాను, అది నువ్వు చెప్పు. అంతే. దానికేమీ కలపొద్దు, తీయొద్దు" అంది.

ఆయన తల ఊపాడు. ఆమె నిటారుగా నిలబడి, "నేను ఆడదాన్ని" అంది.

తాతయ్య ఆరడుగుల మనిషి. బుగ్గల దాకా మీసం. ఛాతీ నిండా ఊపిరి తీసుకుని, కలపకుండా, తీయకుండా, "నేను ఆడదాన్ని!" అని ఏరు మారుమోగేలా అరిచాడు.

ఇసుక మీద జనమంతా విరగబడి నవ్వారు. కాపలాకు వచ్చిన పోలీసులూ నవ్వారు. డాక్టరమ్మకు నవ్వుతో దగ్గు తెర వచ్చి పడవ మీదే కూలబడింది. తాతయ్య ముఖం కందగడ్డలా అయింది. వెళ్ళిపోదామని వెనక్కి తిరిగితే ఆమె భుజం పట్టుకుంది. "నవ్వనీ తమ్ముడూ. నవ్వేవాళ్ళు ఎక్కడికీ పోరు."

జనం సర్దుకున్నాక ఆమె తరవాతి మాట చెప్పింది. "నేను జైల్లో ఉండగా మా అమ్మ పోయింది. చివరి చూపుకు పంపలేదు."

తాతయ్య అదీ అలాగే చెప్పాడు. మా అమ్మ పోయింది అన్న చోట ఆయన గొంతు జీరబోయిందట. తాతయ్య వాళ్ళమ్మ పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. చివరి వరసలో ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడు వేదిక దాకా వినిపించిందని అమ్మమ్మ చెప్పేది. ఆవిడా ఆ రోజు సంచుల షెడ్డు నుంచి వచ్చి వెనక నిలబడింది.

అలా మొదలైంది. తరవాత డాక్టరమ్మ ఎక్కడ సభ పెట్టినా తాతయ్య ఉండాల్సిందే. మిల్లు గేటు దగ్గర, బజారు కూడలిలో, అవతలి ఒడ్డు పొలాల్లో. ఆమె వాక్యాలు చిన్నవి చేసుకుంది. ఆయన ఆమె ఊపిరి చూసి ఎక్కడ ఆగుతుందో పసిగట్టడం నేర్చుకున్నాడు. ఒకసారి ఆమె పుస్తకాల్లోని పెద్ద మాట ఏదో వాడింది. తాతయ్య నోరు తెరిచి, మూసి, "అమ్మా, అదేమిటో నాకు తెలీలేదు. తెలియనిది నేనెట్లా అరిచేది?" అన్నాడు. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, "మన ఇంట్లో ఏం వండుకోవాలో మనమే చెప్పుకోవాలి, పక్కింటివాడు కాదు" అంది. ఆయన సంతోషంగా అరిచాడు.

ఇంట్లో అమ్మమ్మకు మాత్రం నిద్ర పట్టేది కాదు.

"మాట ఆవిడది, మెడ నీది. తెలుస్తోందా?" అందొకనాడు.

తాతయ్య తల ఊపలేదు ఈసారి. "ఆవిడకి మాత్రం మెడ లేదా?" అన్నాడు.

"ఆవిడకి పేరుంది. పట్టుకుంటే పత్రికలు రాస్తాయి. నిన్ను పట్టుకుంటే ఎవరు రాస్తారు?"

"నువ్వు అరుద్దువులే" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన వేసిన మొదటి హాస్యం అదేనని, దానికి నవ్వాలో కొట్టాలో తెలియలేదని అమ్మమ్మ చెప్పేది.

రేవు గుత్తేదారు చాలా రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. చివరికి పిలిచి, "పొద్దున నా పడవలు ఎక్కమని అరుస్తావు, సాయంత్రం పన్ను కట్టొద్దని అరుస్తావు. ఒక నోటికి రెండు కేకలేమిటయ్యా? ఏదో ఒకటి ఎంచుకో" అన్నాడు. చెడ్డవాడేం కాదు. పై నుంచి ఆయనకూ ఒత్తిడి ఉంది. తాతయ్య మర్నాటి నుంచి రేవుకు వెళ్ళలేదు. మిల్లులో నార మోపులు మోసే పనికి కుదిరాడు. రేవులో ఆయన స్థానంలో వచ్చినవాడి కేకను పడవవాళ్ళు పిల్లికూత అనేవారు. అయినా పని జరిగిపోయింది. ఎవరు లేకపోయినా పని ఆగదు కదా.

రెండేళ్ళు గడిచాయి. పన్ను ఎత్తేయాలని పంపిన అర్జీలకు జవాబు లేదు. డాక్టరమ్మ మళ్ళీ రేవు పక్కనే సభ పిలిచింది. అంతకు ముందెన్నడూ రానంత జనం వచ్చారు. కట్ట మీది రోడ్డులో గుర్రాల మీద పోలీసులు, వాళ్ళ ముందు తుపాకుల వరస. అమ్మమ్మ మా అమ్మను ఎత్తుకుని మెట్ల పక్కన నిలబడింది.

ఎండ తగ్గుతుండగా డాక్టరమ్మ బోర్లించిన పడవ మీది నుంచి మొదలుపెట్టింది. కాసేపు మామూలుగానే సాగింది. అప్పుడు ఆమె, "రేపటి నుంచి మనం…" అని ఊపిరికి ఆగింది. తాతయ్య, "రేపటి నుంచి మనం!" అని అరిచాడు. అంతలో ఒక అధికారి పడవెక్కి ఆమె ముంజేయి పట్టుకున్నాడు. ఆమె పెనుగులాడలేదు. కళ్ళజోడు తీసి చేతిసంచిలో పెట్టుకుని కిందికి దిగింది.

ముందువాళ్ళు చూశారు. వెనకవాళ్ళకు కనిపించలేదు. వాళ్ళ చెవుల్లో సగం వాక్యం మిగిలింది. "మనం? మనం ఏం చేయాలి? చెప్పు కంచన్నా!" అని కేకలు. డాక్టరమ్మను పట్టుకున్నారన్న మాట ముందు నుంచి వెనక్కి పాకింది. జనం ముందుకు కదిలారు. ఎక్కడి నుంచో ఒక రాయి లేచి కట్ట మీద గుర్రానికి తగిలింది. అది ముందుకాళ్ళెత్తి సకిలించింది. తుపాకులు భుజాల మీది నుంచి చేతుల్లోకి దిగాయి.

తాతయ్య డాక్టరమ్మ వైపు చూశాడు. పోలీసుల మధ్య నుంచి ఆమె వెనక్కి తిరిగింది, నోరు తెరిచింది. దగ్గు వచ్చింది. మాట రాలేదు. ఆమెను కట్ట మీదికి ఎక్కించేశారు.

అంతవరకు ఆయన సొంతంగా సభలో ఒక్క మాట అనలేదు. అనాలని అనుకోనూ లేదు. పడవ ఎక్కాడు.

"డాక్టరమ్మ చెబుతోంది! చేతిలో ఉన్నవి కింద పడెయ్యండి!"

జనం ఆగారు. రాళ్ళు పట్టుకున్న చేతులు గాల్లో ఆగాయి. ఆ తరవాత ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు. దేశం గురించి చెప్పాలా? ఆయనకు రాదు. వచ్చినదల్లా ఒకటే.

"అవతలి ఒడ్డు వాళ్ళు! పెద్ద మెట్ల దగ్గరికి రండి! పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు ముందు! ముసలివాళ్ళకు దారి ఇవ్వండి! తోసుకోవద్దు, చోటుంది, అందరికీ చోటుంది!"

ఏళ్ళ తరబడి ఆ గొంతు చెప్పినట్టు కదలడం వాళ్ళకు అలవాటు. కోపం ఇంకా ముఖాల్లో ఉండగానే కాళ్ళు మెట్ల వైపు తిరిగాయి. పడవవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తాళ్ళు విప్పారు. "బట్టీల వాళ్ళు కట్ట కింది దారిన పోండి! గుర్రాల వైపు ఎవరూ చూడొద్దు! మిల్లువాళ్ళు ఆగండి, మీది తరవాతి వంతు! అదిగో, మూడో పడవ బయలుదేరుతోంది!" ఒక్కొక్క వాడను, ఒక్కొక్క పనివాళ్ళను పేరుపేరునా పిలిచి ఇళ్ళకు పంపాడు. తుపాకులు చాలాసేపు చేతుల్లోనే ఉండి, తరవాత మెల్లగా భుజాల మీదికి వెళ్ళాయి. అంతమంది ఒక్కసారిగా వచ్చేసరికి పన్ను వసూలు చేసే గుమాస్తా గేటు తీసి పక్కకు జరిగాడు. ఆ సాయంత్రం ఏరు దాటినవాళ్ళలో ఒక్కరూ పన్ను కట్టలేదు.

అధికారి తాతయ్య దగ్గరికి వచ్చాడు. "నువ్వు కూడా రావాలి" అన్నాడు.

"వస్తానయ్యా. ఆఖరి పడవ వెళ్ళనివ్వండి."

అధికారి జేబులో చేతులు పెట్టుకుని, ఆఖరి పడవ వెళ్ళేదాకా నిలబడ్డాడు. తరవాత తాతయ్య అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పబోయాడు. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప మాట రాలేదు. అమ్మమ్మ తన కొంగుతో ఆయన ముఖం తుడిచింది. "వెళ్ళు. ఇక్కడ నేనున్నాను" అంది.

కోర్టులో ఆయన తరఫున ఒక వకీలు ఫీజు తీసుకోకుండా నిలబడ్డాడు. దారి సులువుగానే ఉంది: మాటలు నావి కావు, చెప్పమంటే చెప్పాను అనాలి. అంటే వదిలేస్తారు. మేజిస్ట్రేటు కూడా అదే అడిగాడు.

"ఈ ప్రసంగాల్లో మాటలు నీవేనా?"

"మొదట్లో ఆవిడవేనండి" అన్నాడు తాతయ్య. ఇంకా బొంగురుగానే ఉంది గొంతు.

"ఇప్పుడు?"

"ఇన్నిసార్లు చెప్పాక ఎవరివో నాకూ తెలియట్లేదండి. మీరు నావే అని రాసుకోండి."

వకీలు తల పట్టుకున్నాడు. ఏడాది జైలు పడింది. అమ్మమ్మ ఆ ఏడాది సంచుల షెడ్డులో రెండు వంతులు పనిచేసింది. తాళ్ళ దుకాణం ఆయన అద్దె మాట ఎత్తలేదు. పడవవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు వంతులు వేసుకుని మా అమ్మను చూసుకున్నారు. జైల్లో తాతయ్యను తాళ్ళు పేనడానికి వేశారు. "తాళ్ళ వాసన మధ్యే కదా, ఇంట్లో ఉన్నట్టే ఉండేది" అన్నాడట తిరిగి వచ్చాక. ఇంకేమీ చెప్పలేదు.

డాక్టరమ్మ ఆయన కంటే తరవాత విడుదలైంది. ఆసుపత్రి తెరిచిన రోజునే తాతయ్య వెళ్ళి రోగుల బల్ల చివర కూర్చున్నాడు. తన వంతు వచ్చేదాకా ఆగాడు.

"ఏం తమ్ముడూ, ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బాగుందమ్మా. ఒక తప్పు చేశాను. ఆ రోజు మీరు అనని మాట మీరన్నారని చెప్పాను. కలపొద్దని మీరు మొదటి రోజే చెప్పారు."

ఆమె చేతిలోని సీసా కింద పెట్టింది. "నేను ఏం చెప్పబోయాననుకున్నావు?"

"అదే తెలియకే కదమ్మా ఏడాదంతా…"

"దగ్గబోయాను, అంతే" అంది డాక్టరమ్మ. "ఏం చెప్పాలో నాకేమీ తోచలేదు తమ్ముడూ. తుపాకులు కనపడ్డాయి, నీ పెళ్ళాం చంకలో పిల్ల కనపడింది. బుర్ర ఖాళీ అయిపోయింది. నువ్వు అరవడం పోలీసు బండిలోకి వినిపించింది. హమ్మయ్య, ఈయనకైనా తోచింది అనుకున్నాను."

వెనక నిలబడిన ముసలమ్మ, "అయిందా నాయనా, నాకు మోకాళ్ళు నొప్పి" అంటే గాని తాతయ్య లేవలేదు.

పన్ను సంగతి ఏమైందంటే, సర్కారు బుట్టల మీది పన్ను తీసేసింది, తలల మీది పన్ను ఉంచేసింది. "పోనీలెండి, బుట్టలకైనా స్వరాజ్యం వచ్చింది" అన్నారు జనం. తలలకు రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

ఈలోగా మైకు వచ్చింది. ఏదో పెద్ద ఊరి నుంచి అద్దెకు తెచ్చి, మిల్లు మైదానంలో గుంజలకు గరాటాల్లాంటి హారన్లు కట్టారు. డాక్టరమ్మ దానిలో గుసగుసగా మాట్లాడినా చివరి వరస దాకా వినిపించింది. సభకు ముందు కుర్రకారు తాతయ్యను లాక్కెళ్ళి, "మామా, నువ్వు కూడా ఒకటి అను" అన్నారు. ఆయన అలవాటు కొద్దీ ఛాతీ నింపుకుని ఒక్క కేక వేశాడు. మైకు కీచుమని అరిచి, మూగబోయింది. దాన్ని బాగుచేసుకునేసరికి గంట పట్టింది. "నిన్నిక దాని చుట్టుపక్కలకు రావద్దని చెప్పారు" అని అమ్మమ్మ ఏడిపించేది.

ఆ రోజు మొదటిసారి తాతయ్య జనంలో కూర్చున్నాడు, అమ్మమ్మ పక్కన, గడ్డి మీద. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ చుట్టూ వేసుకున్నాడట. డాక్టరమ్మ ప్రతి వాక్యం చివర ఆగినప్పుడల్లా ఆయన పెదవులు కదిలాయట. మెల్లగా ఆ కదలిక ఆగిపోయింది. సభ అయిపోయి జనం లేస్తున్నా ఆయన కూర్చునే ఉన్నాడు.

"ఏమైంది?" అంది అమ్మమ్మ.

"ఇంత బాగా చెబుతుందా ఆవిడ?"

"అదేమిటి? అన్నేళ్ళూ నువ్వేగా చెప్పింది."

"చెప్పాను. ఒక మాట అరుస్తుంటే రెండో మాట ఎలా వస్తుందో అని కాచుకోవడమే సరిపోయేది. మొత్తం ఎప్పుడు విన్నాను?"

ఇంటికి నడుస్తూ దారి పొడవునా ఆయన ఆ ప్రసంగం గురించి మాట్లాడాడు. ఆ మాట ఎందుకంది, ఈ మాటకు అర్థం ఏమై ఉంటుంది, నీకేమనిపించింది అని. మెట్లెక్కి గదిలోకి వచ్చాకా ఆపలేదు. పని పోయిందని బాధపడతాడేమో అని తాను భయపడితే, ఆయన నోరు తెరిచాడని అమ్మమ్మ ఆశ్చర్యంగా చెప్పేది.

దొరలు వెళ్ళిపోయాక పాత గుత్తేదారు రేవు వదులుకున్నాడు. పడవవాళ్ళంతా కలిసి సంఘం పెట్టుకుని తాతయ్యను మళ్ళీ మెట్ల మీదికి పిలిచారు. డాక్టరమ్మ కొన్నాళ్ళు శాసనసభలో కూర్చుంది, అక్కడ ఊపిరాడడం లేదని వచ్చేసి మళ్ళీ ఆసుపత్రి తెరిచింది. ఆమె పోయినప్పుడు మోసిన నలుగురిలో తాతయ్య ఒకడు. ఆ రోజు ఎవరో ఆయన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎవరూ బలవంతం చేయలేదు.

ఆయన జుట్టు పూర్తిగా నెరిశాక వంతెన కట్టారు. తెరిచిన రోజు అమ్మమ్మతో కలిసి దాని మీద నడిచి అవతలికి వెళ్ళాడు. నేను ఆయన వేలు పట్టుకుని ఉన్నాను. అంత పొడవు నడవలేక మధ్యలో నేను ఏడిస్తే భుజం మీదికి ఎక్కించుకున్నాడు. అవతల గట్టు మీద ముగ్గురం కాసేపు కూర్చున్నాం. కింద రేవులో ఒకటి రెండు పడవలు ఇంకా తిరుగుతున్నాయి. వాటిలో ఒకదాని నుంచి ఎవరో ఆయన్ను పోల్చుకుని చెయ్యి ఊపారు. తాతయ్య కూడా ఊపాడు. ఎండ ఎక్కుతోందని అమ్మమ్మ లేవదీసింది. వచ్చిన దారినే తిరిగి నడిచాం.